కుందేలుకు లేసు ఒళ్లు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

నిన్న ఇక్కడ ఇంగ్లండులో, మా స్విండన్‌లో నీ మనవరాలి స్కూల్లో ప్రపంచ సంస్కృతుల దినం జరిగింది. దానికోసం జపాన్ కుందేలు బొమ్మ అల్లడం నేర్పుతానని, మన పిల్ల స్నేహితురాలి తల్లి యూకో పోయిన వారం నన్ను ఇంటికి పిలిచింది. దారంతో బిగువుగా అల్లి, లోపల దూది కూరాలి. నా చేతికి మాత్రం నువ్వు నేర్పిన మన ఊరి లేసే వచ్చింది. కుందేలు ఒళ్లంతా చిల్లులు, ప్రతి చిల్లులోంచీ దూది.

“మమ్మీ, దానికి చికెన్‌పాక్స్!” అని నీ మనవరాలు ఒకటే నవ్వు.

సిగ్గేసి విప్పబోయాను. యూకో నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇంత సమానంగా చిల్లులు నాకు రావు. ఎవరు నేర్పారు?” అంది.

“మా అమ్మ,” అన్నాను.

ఆమె చెప్పినట్టే దూదికి ఎర్ర గుడ్డ చుట్టి మళ్లీ కూరాను. ఎరుపు మీద తెల్ల లేసు తేటగా కనిపించింది. నువ్వు కూడా వంక పెట్టేదానివి కాదు. అంతా నీ చలవే.

స్కూల్లో బొమ్మ పక్కన దేశం పేరు రాసిన అట్ట పెట్టాలి.

“జపానా, ఇండియానా?” అని టీచరు అడిగింది.

నీ మనవరాలు మన ఊరి పేరు చెప్పింది: “నర్సాపూర్!”

టీచరు అదే రాసింది. నేను దిద్దలేదమ్మా.