షెల్టరు దగ్గర వేసిన సున్నా

అక్కకు, కువైట్ నుంచి నీ తమ్ముడు సత్తిబాబు నమస్కారాలు. నా ఒంట్లో బాగానే ఉంది. నీకెలా ఉంది? బావగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బస్సు లేక మొన్న నువ్వు డయాలసిస్‌కి వెళ్ళలేకపోయావని, రెండు రోజులు ఆయాసంతో కూర్చునే ఉన్నావని బావగారు ఫోను చేశారు. అప్పటినుంచి ముద్ద దిగడం లేదు. ఫోనులో చెప్పలేని మాట ఒకటుంది, అందుకే ఊరొస్తున్న స్నేహితుడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. తిండికి లోటు లేదు, బెంగపడకు. బస్సు నడపడం అలవాటైంది, ఒంటరిగా ఉండటమే అలవాటు కాలేదు. ఇక్కడ స్టాపులో తప్ప బస్సు ఆపకూడదు. ఎక్కినవాళ్ళని తలుపు దగ్గర మిషను లెక్కపెడుతుంది. ఆ లెక్క చూసే ఏ దారిలో ఎన్ని బస్సులు తిప్పాలో తేలుస్తారు. పోయిన వారం ఒక ముసలాయన దారి మధ్యలో, అచ్చం మన ఊళ్ళోలా చెయ్యెత్తాడు. ఆపలేదు. అద్దంలో చూస్తే ఆ చెయ్యి ఇంకా పైకే ఉంది. నేను చేసిన పని అప్పుడు తెలిసొచ్చింది.

ఇక్కడికి వచ్చేముందు మన బస్సుకి జనాన్ని లెక్కరాసే పని మూడు రోజులు చేశాను, గుర్తుందా? బస్సు షెల్టరులో కూర్చుని, అక్కడ ఎక్కినవాళ్ళనే రాయమన్నారు డిపోవాళ్ళు. మన ఊళ్ళో షెల్టరు దగ్గర ఎవరెక్కుతారక్కా? అక్కడ కొబ్బరి డొక్కలు ఆరబోస్తారు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళు చెయ్యెత్తితే డ్రైవరుగారు ఆపుతారు.

మూడోరోజు సాయంత్రం డిపో నుంచి లెక్కలాయన వచ్చి, "ఎంతమంది ఎక్కేరు బాబూ?" అన్నారు.

"ఎవరూ ఎక్కలేదండీ."

"మూడు రోజులూ అంతేనా?"

"ఆయ్, అంతేనండి."

మహా బుద్ధిమంతుణ్ణి కదా, చెప్పింది చెప్పినట్టు చేశాను! నేను వచ్చేసిన నెలకే అమలాపురం బస్సు తీసేశారు.

ఊళ్ళోవాళ్ళు అర్జీ పెట్టారు కనుక వారం పాటు బస్సు తిప్పి మళ్ళీ లెక్క చూస్తారట. ఈసారి ఊరంతా షెల్టరు దగ్గరికి వచ్చి ఎక్కాలని ఇంటింటికీ చెప్పించు. నువ్వు నిలబడలేకపోతే బావగారిని అక్కడ కుర్చీ వేయమను. నువ్వు బతకాలక్కా, నాకు ఇంకేమీ వద్దు. పిన్నిగారికి, పెద్దలందరికీ నా నమస్కారాలు. దీవించమని అడిగే మొహం లేదు, అయినా దీవించు.

నేను లెక్క రాసిన ఆ మొదటిరోజు నువ్వు మన గుమ్మం ముందే బస్సెక్కావు. ఆసుపత్రి సంచీ ఒళ్ళో పెట్టుకుని, షెల్టరు దాటేటప్పుడు కిటికీలోంచి నాకు చెయ్యి ఊపావు. నేనూ ఊపాను. ఊపి, కాగితం మీద సున్నా వేశాను.

ఇట్లు,
నీ తమ్ముడు
సత్తిబాబు