మా దొంగ తాత

మార్చి 4
నేను రాసిన హ్యూవన్ లోయ చరిత్రకు ఆఖరి ప్రూఫులు వచ్చాయి. దిద్దుకుంటుంటే ఆథల్ బాబాయి ఊడిపడ్డాడు. ఏమే పిల్లా, మా తాత దొంగతనం ఏ పేజీలో పడిందే అన్నాడు. తాతంటే తాతలకు తాత సైలస్ బెసెల్, ఇక్కడ మా వంశానికి మొదటివాడు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే గొర్రెపోతును ఎత్తుకుపోయి, శిక్షపడి సంకెళ్లతో ఓడెక్కి ఖైదీగా ఈ టాస్మేనియా వచ్చాడు. నానమ్మ కాలంలో ఆ పేరెత్తితే నోరు మూయించేవారు. ఇప్పుడు ఖైదీ తాత లేనివాళ్లను చూసి మేమే జాలిపడుతున్నాం. ఆవిష్కరణ రోజున బాబాయి పసుపూ నలుపూ ఖైదీ చొక్కా వేసుకొస్తాడట! కడుపుబ్బ నవ్వాను.

మార్చి 6
ఒక సందేహం తొలిచేస్తోంది. వచ్చిన కొత్తలోనే సైలస్‌కు సొంత గుడిసె, రోజూ రమ్ము ఉండేవని నేనే రాశాను. గొర్రెదొంగకు అవి ఎక్కడివి?

మార్చి 7, మధ్యాహ్నం
హోబర్ట్ ఆర్కైవ్స్‌లో పాత ఖైదీల రికార్డులు తిరగేశాను. ఓరి దేవుడా. సైలస్ ఖైదీయే, అనుమానం లేదు. కానీ తోటి ఖైదీలను కొరడాతో కొట్టే పని అడిగి మరీ తీసుకున్నాడు. గుడిసె, రమ్ము అందుకే ఇచ్చారు. దెబ్బలు తిన్నవాళ్లలో మైకల్ కీయో అనే కుర్రాడున్నాడు. బాబాయి ఆపిల్ తోట పక్కన ఉన్న కీయోలు ఆ కుర్రాడి వంశంవాళ్లే. ముత్తాత పేరైనా తెలీని జనమని మేవిస్ కీయోను కంచె ఇవతలినుంచి బాబాయి ఎన్నిసార్లు ఏడిపించాడో!

మార్చి 8
రాయకపోతే ఆ పుస్తకం మీద నా పేరెందుకు? రాస్తే బాబాయి నా గడప తొక్కడు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. భయంగా ఉంది.

మార్చి 9
బాబాయికి చెప్పేశాను. ముందు అబద్ధమన్నాడు. తర్వాత నువ్వు ఈ ఇంటి పిల్లవేనా అని అరిచాడు. దొంగతనం చేశాడంటే అర్థం చేసుకుంటానే, ఇదేంటే, అన్నాడు. మెట్టు మీద కూలబడి, ఆ కీయో కుర్రాడికి ఎన్ని దెబ్బలని అడిగాడు. యాభై అన్నాను. లేచి కారెక్కి వెళ్లిపోయాడు. వంటగదిలో కూర్చుని ఏడ్చాను.

మార్చి 10
రాశాను. ప్రెస్సుకు పంపాను.

ఏప్రిల్ 2
బాబాయి ఫోనెత్తడం లేదు.

మే 24
ఆవిష్కరణ. మా లోయలో పుస్తకాన్ని వెనకనుంచే తెరుస్తారు, సూచికలో ఇంటిపేరు ఉందో లేదో చూసుకోవడానికి. హాలంతా పేజీల చప్పుడే. బాబాయి రాలేదు. మేవిస్ మైకల్ కీయో ఉన్న పేజీ పట్టుకుని నిలబడే చదివింది. ఇన్నాళ్లూ మాకు వెనకటివాళ్లెవరూ లేరనుకున్నానమ్మా, అంది. కొట్టింది ఎవరో కూడా చదివే ఉంటుంది. ఆ మాట ఎత్తలేదు. బాబాయికని ఒక కాపీ ఆయన పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

మే 27
మేవిస్ ఫోన్ చేసింది. పొద్దున బాబాయి ఆమె గేటు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడట. ఏం పని మీద వచ్చావయ్యా అంటే, తెలీదన్నాడట.
సరే, లోపలికొచ్చి కూర్చో, తెలిసేదాకా టీ తాగుదాం, అందట.