రెండు వేళ్ళ సందు

అక్కా, నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడేండ్లు. నేనిప్పుడు చింతామణిలో సైన్సు మేష్ట్రుని. పొద్దున క్లాసులో రెండు బ్లేడ్ల అంచులు దగ్గరగా పెట్టి, ఆ సందులోంచి బల్బును చూపించినాను. సందు సన్నం చేసేకొద్దీ వెలుగు పక్కలకు పరుచుకుంటుంది, నడుమ నల్లగీతలు పడతాయి. వెలుగు అల కాబట్టి అట్లా విచ్చుకుంటుందని చెప్పినాను.

వెనక బెంచీ పిల్ల లేచి, "బ్లేడ్లెందుకు సార్, వేళ్ళ సందులోనూ కనిపిస్తాండాయి" అనింది.

చిన్నప్పుడు నువ్వన్న మాట అదే. నేను పోయి నాయనకు చెప్తే, కళ్ళు చెడినాయని ఆయన నెలంతా నీ కళ్ళలో మండే మందు పోసినాడు. నువ్వు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వేళ్ళు ఎట్లా పెట్టాలో అందరికీ చూపించమని ఆ పిల్లను ముందుకు పిలిచినాను. నేనూ పెట్టి చూసినాను.

గీతలు ఉండాయక్కా.