గుట్ట కింది అలుగు, నేను చెప్పిన అబద్ధం

జిల్లా అటవీ అధికారి గారి సముఖమునకు,
జగిత్యాల.

మల్యాల మండల వాస్తవ్యురాలు బుర్ర సుశీల, భర్త రాజలింగం, వయస్సు 51 సం॥, వృత్తి బీడీలు చుట్టుట, వ్రాసుకొను అర్జీ.

విషయం: అలుగు అను అడవి జీవమును ఎత్తుకుపోయిన కేసులో నేనిచ్చిన తప్పుడు వాంగ్మూలమును సరిదిద్దుట గురించి.

అయ్యా,

1. నాకు షుగరు వచ్చి నాలుగేళ్లయినది. నడవమని డాక్టరు గారు చెప్పినందున, రోజూ తెల్లవారగానే ఊరి వెనుక గుట్ట దాకా పోయి వచ్చుచున్నాను. నా భర్త మస్కట్ నుండి పంపిన ఫోనుతో దారిలో కనబడిన జీవాలను ఫోటో తీయుట అలవాటైనది. ఉడుతలు, నెమళ్లు, ముంగిసలు, ఒకసారి నక్క.

2. ఆ ఫోటోలను ఓపికగా చూసే మనిషి ఒక్కడే. నా తమ్ముడు రంజిత్, కోరుట్లలో ఆటో నడుపును. మా అమ్మ పోయిననాటికి వానికి రెండేళ్లు. నా చంకలోనే పెరిగినాడు. ప్రతి ఆదివారం వచ్చి, "అక్కా, గీ వారం ఏమేం కనబడ్డయే?" అని అడిగేవాడు. నా భర్తకు పంపితే బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగి వచ్చును. తోటి బీడీల వాళ్లు నవ్వుదురు. వాడొక్కడు అడుగును గనుక శనివారం నుండే మంచి ఫోటోలు ఏరి పెట్టుకొనేదానను.

3. గత నెలలో గుట్ట కింద పొదల మధ్య ఒక అలుగు కనబడినది. ఒళ్లంతా పొలుసులు. తోక మీద పిల్ల ఎక్కి కూర్చున్నది. తల్లి నడుచుచుండగా పిల్ల కళ్లు మూసుకొని ఊగుచున్నది. నాలుగు ఫోటోలు పాడైనవి, ఐదవది కుదిరినది. ఆదివారం వానికి చూపితిని. ఈసారి వాడు ఫోటో చూసి ఊరుకోలేదు. "జాగ ఏడనే అక్కా? దూరం నుంచి సూసి అస్త" అన్నాడు. చేయి పట్టుకొని తీసుకుపోయి బొరియ చూపినది నేనే.

4. ఆ బుధవారం తెల్లవారి గట్టు మీద నెమలి నిలిచి ఉండగా ఫోటో తీసితిని. దూరంగా ముగ్గురు మనుషులు గోనెసంచి మోసుకొని రోడ్డు వైపు పోవుచుండిరి. పట్టించుకోలేదు. బొరియ దగ్గరికి పోయేసరికి గడ్డపారతో తవ్వి ఉన్నది. మట్టి ఇంకా తడిగానే ఉన్నది. తల్లి లేదు. లోపల మూలకు పిల్ల ఉండలా చుట్టుకొని ఉన్నది. కొంగులో చుట్టి, తమ సిబ్బందికి ఫోను చేసితిని.

5. వారు వచ్చేలోపు నెమలి ఫోటోను పెద్దగా చేసి చూసితిని. గోనెసంచి వాళ్ల ముందు రోడ్డు మీద ఆగి ఉన్న ఆటో వెనుక "పూజ" అని పసుపు రంగుతో రాసి ఉన్నది. పూజ నా తమ్ముని బిడ్డ. ఆ పేరు పెట్టినది నేను.

6. తమ సిబ్బంది వచ్చి, పిల్లను తీసుకొని, "ఎవరో ఏమన్న తెలుసా అమ్మా?" అని మర్యాదగానే అడిగిరి. "నాకు తెల్వది సార్" అంటిని. వారు "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాసుకొనగా కింద సంతకం చేసితిని. ఫోను కొంగు కింద దాచితిని.

7. అదే రోజు బస్సెక్కి కోరుట్ల పోతిని. వాడు ఆటో కడుగుచున్నాడు. ఫోటో ముందు పెట్టి, "ఏడ వెట్టినవ్‌రా దాన్ని?" అంటిని. మొదట ఏ అలుగు అన్నాడు. తర్వాత నీళ్లు పోయుట ఆపి, "ఎవలో పైసలిస్తమని అడిగిండ్రు, ఇచ్చిన. మనిషిని సంపిన్నా ఏంది? జాగ సూపెట్టింది నువ్వే గదనే. నా పేరు జెప్తె నీ పేరు గూడ అస్తది" అన్నాడు.

"నిన్ను నమ్మి సూపెట్టిన గదరా" అంటిని.

"గిన్నేండ్లు నీ ఉడుతల ఫోటోలు ఎందుకు సూసిన అనుకున్నవ్ అక్కా? ఏదన్న పనికచ్చేది దొరుకుతదేమో అని."

అయ్యా, ఈ మాట కేసుకు అవసరమో కాదో నాకు తెలియదు. అయినను రాసుకోగలరు.

8. పిల్ల పాలు ముట్టక మూడవ రోజున చనిపోయినదని తమ సిబ్బంది ఫోను చేసి చెప్పిరి. వారు చేయగలిగినదంతా చేసినారు. నేనే అప్పుడు పేరు చెప్పి ఉంటే అదే రోజు తల్లి దొరికి ఉండునేమో, పిల్ల బతికి ఉండునేమో. అది తలచుకొని వారం రోజులుగా బీడీలకు కూర్చోలేకపోవుచున్నాను.

కావున నేను సంతకం చేసిన వాంగ్మూలమును రద్దు చేసి, నా తమ్ముడు రంజిత్ పేరు నమోదు చేయగలరు. తల్లి ఎక్కడున్నదో, బతికి ఉన్నదో లేదో వానిని అడిగి రాబట్టగలరు. జాగ చూపినందుకును, అబద్ధమాడినందుకును నా పేరు కూడా వాని పేరు కింద రాయగలరు. నెమలి ఫోటోను దీనికి జతపరచినాను. దయయుంచి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బుర్ర సుశీల

తా.క. సారూ, వాని ఇంటికి తొమ్మిది దాటినంక పోండ్రి. గప్పటికి పూజ బడికి పోతది, దాని ముందట వాణ్ని పట్టుకపోవద్దు. సందులల్ల ఇల్లు జల్ది దొరకది. కోరుట్ల బస్టాండు కాడ నిలవడి ఉంట, నేనే అచ్చి సూపెడ్త.