హారన్ అక్కర్లేని రోడ్డు

నాయనా,

మదనపల్లె దారిలో మన కనుమకు కొత్త రోడ్డు వేశారు. టమోటా లారీ నడిపినన్నాళ్లూ నువ్వు తిట్టుకున్న ఆ గుడ్డి మలుపు ఇప్పుడు లేదు. కొండను కోసి, దారిని నేరుగా చేశారు. నువ్వు పోయాక గానీ వీళ్లకు తోచలేదు. పాత తారు ముక్క పక్కన అలాగే ఉంది. నీ బండి గుద్దిన పిట్టగోడ సందులో గడ్డి మొలిచింది.

ఈ రోజు మీ అన్న ఇంట్లో నీ తద్దినం పెట్టాం. సాయంత్రం అమ్మను కారులో తిరుపతికి తీసుకొచ్చాను. "బ్రేకును నమ్మొద్దు మే, ఎక్కే గేరులోనే దిగల్ల" అని నువ్వు నేర్పినట్టే కనుమ దిగాను.

ఆ మలుపు వస్తుందంటే అమ్మ కళ్లు మూసుకుని, "హారన్ కొట్టు" అంటుంది. ఆ రోజు ఎదురొచ్చిన లారీవాడు కొట్టలేదు కదా. ఈసారీ కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచి, "మలుపు యాడ మే?" అంది.

"తీసేసినారు మా. ఇప్పుడు ఎదురొచ్చే బండి దూరం నుంచే కనపడతాది."

అమ్మ అద్దం దించి వెనక్కి చూసింది. లోకాన్నంతా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అయినా ఒకసారి కొట్టు," అంది.

నువ్వు కొట్టినట్టే పొడుగ్గా కొట్టాను. రోడ్డు కనుచూపుమేరా కనిపిస్తోంది. ఎదురుగా ఎవరూ రాలేదు, నాయనా.