అటక మీద గుమ్మడికాయలు

మావా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు దాచిన గింజలే ఈ పరాయి దేశంలో, నది ఒడ్డున మన దలా ఊరి పెరట్లో వేస్తే గుమ్మడి విరగకాసింది. చలిగాలి మొదలైందని, తొడిమలతో కోసి ఆరబెట్టిన కాయలన్నీ ఈవేళ అటక మీద గడ్డి పరిచి, ఒకదానికొకటి తగలకుండా పేర్చాను. మధ్యమధ్య ఊరికే దిగి వీధిలోకి చూసొచ్చాను. మనసు ఒకచోట నిలవడం లేదు.

దుకాణాలు ఇక్కడి సర్కారు తీసేసుకున్నాక మనవాళ్లంతా మన దేశానికి తిరిగి పోవడానికి విశాఖపట్నం ఓడ ఎక్కుతున్నారు. మీ తమ్ముడు ఓడ జాబితాలో నా పేరు కూడా ఇచ్చేసి, ఆ మాట చెప్పడానికి వచ్చాడు. అటక చూసి, "పోయేవోళ్లకి ఇవన్నీ ఏటికి వదినా?" అన్నాడు.

ఇంకో కాయ అందుకుని పైన పెట్టాను. అప్పుడు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

"నా పేరు తీయించెయ్యి బాబూ. నేను రాను."

అతను వాదించలేదు. వెళ్తూ అన్నిటికన్నా చిన్న కాయ అడిగి, తువ్వాల్లో చుట్టుకుని నది దాటే పడవెక్కాడు.