తప్పు రివాల్వర్‌దేనట

జూన్ 3
మా ఆయన హోబర్ట్ గురి ఇవాళ కూడా తప్పింది. బీన్స్ మడిలో మేస్తున్న, బొరియలు తవ్వే ఆ బొద్దు గ్రౌండ్‌హాగ్ తలెత్తి చూసి, తీరిగ్గా వెళ్లిపోయింది. తప్పు రివాల్వర్‌దేనట. తాకట్టు కొట్లో కొన్న చవక ట్వెంటీటూ కదా, కిందికి కొడుతోందట. గురి చూసుకోవడానికి గొట్టం కొసన ఉండే మొన, ముందు సైట్, గొట్టంతో కలిపి పోసేశారు, సర్దడానికి మర లేదు. ఆకురాయితో దాన్ని కాస్త అరగదీస్తే గుండు పైకి వెళుతుందట. తన చెయ్యి వణుకుతోంది కాబట్టి ఆ పని నేను చెయ్యాలట. ఇంట్లో తుపాకులేమిటని ఏళ్ల తరబడి పేపర్లో కాలమ్ రాస్తున్న నేను!

జూన్ 4
చెయ్యనన్నాను. అరగదీసిన ఇనుము తిరిగి రాదు. పైగా తప్పు దానిది కాదు, గనిలో జీవితమంతా బొగ్గు దుమ్ము మింగిన ఊపిరితిత్తులది. చెయ్యి చాపి ఊపిరి బిగబట్టలేడు. దగ్గు తన్నుకొస్తుంది, గొట్టం వాలిపోతుంది. టెస్టుకి వెళ్లు, బ్లాక్ లంగ్, అదే ఆ గని జబ్బు, అని తేలితే పెన్షనూ వైద్యమూ వస్తాయని మొత్తుకున్నాను. నన్ను రోగిష్టివాణ్ణి చేసి నీ కాలమ్‌లోకి ఎక్కిద్దామనా అన్నాడు.

జూన్ 7
మరిది డెల్మర్ వచ్చాడు. వదినా, నీ కాలమ్ ఒకటి ఆ గ్రౌండ్‌హాగ్‌కి చదివి వినిపించు, మడి వదిలి కౌంటీయే దాటిపోతుంది అన్నాడు. అన్నదమ్ములిద్దరూ పడీపడీ నవ్వారు.

ఒళ్లు మండింది. రివాల్వర్ లాక్కున్నాను. కంచె దిమ్మ మీద ఇసుక సంచి పెట్టి, చేతులు ఆనించి, ఎదురుగా ఖాళీ డబ్బాకి గురిపెట్టి పేల్చాను. మా నాన్న నేర్పిన విద్య, పోలేదు. నడిమధ్య తగిలింది. మళ్లీ పేల్చాను. అక్కడే.

సైట్ సరిగ్గానే ఉంది, చూశారా అన్నాను. డెల్మర్ వెళ్లి డబ్బా చిల్లులో వేలు పెట్టి చూశాడు. భోజనం దగ్గర హోబర్ట్ కార్న్‌బ్రెడ్ చిదుపుతూ కూర్చున్నాడు గానీ తినలేదు. చివరికి, వస్తాలేవే టెస్టుకి అన్నాడు.

గెలిచాను. గెలవడమంటే ఇదేనా?

జూన్ 19
టెస్ట్ అయింది.

జూలై 11
రిపోర్ట్ వచ్చింది. కంపెనీ పెట్టుకున్న డాక్టర్ ఎక్స్‌రే చూసి గని జబ్బు లేదన్నాడు. సిగరెట్ల వల్ల కొంచెం ఆయాసమట. హోబర్ట్ జన్మలో సిగరెట్ ముట్టలేదు! గనిలో ఒంటికి తగిలించిన దుమ్ము కొలిచే మిషన్‌ని, లెక్క తక్కువ రావాలని కోటు కింద దాచుకోమని చెప్పిందీ ఈ కంపెనీ దొంగలే. కొలత నిజం చెబితే వీళ్ల కొంప మునుగుతుంది మరి.

అప్పీల్‌కి హోబర్ట్ సంతకం కావాలి. పెట్టడు. రిపోర్ట్‌ని ఫ్రిజ్‌కి అంటించాడు. డెల్మర్‌కి ఫోన్ చేసి, ఒరేయ్, నావి గుర్రం ఊపిరితిత్తులట్రా అన్నాడు. నాకేసి తిరిగి, ఇప్పుడు చెప్పవే నోరీన్, తప్పు దేనిది అన్నాడు.

జవాబు నా నాలుక చివరే ఉంది. కానీ ఆ మొహం అలా వెలగడం చూసి ఎన్నాళ్లయిందో.

జూలై 12
కాలమ్‌కి కూర్చున్నాను. ఒక్క ముక్క రాలేదు.

జూలై 13
ఆకురాయి పట్టాను. అతను పేలుస్తాడు, నేను అరగదీస్తాను, మళ్లీ పేలుస్తాడు. ముందు సైట్ సగానికి వచ్చింది. డబ్బా ఎగిరిపడింది. చూశావుటే అని అరిచాడు. ఆ అరుపు దగ్గైపోయి, కంచె పట్టుకుని కూలబడ్డాడు.

చూశానన్నాను.